ఏడో బోల్టు, ఇరవై ఒక్క పొట్టేళ్లు

ముప్పై నాలుగేళ్ల పనిలో పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. పానాలు నలభై మూడు, అందులో పది-పదకొండు నంబరువే పంతొమ్మిది. స్క్రూడ్రైవర్లు పదహారు. టిఫిన్ డబ్బాలు ఐదు, వాటి మూతలు తొమ్మిది. మాన్యువల్ పేజీలు మూడు: కొల్లాపూర్‌లో ఒక డాక్టరు గారి మేడ మీద గాలికి పదిహేడు ఎగిరిపోతే పద్నాలుగు దొరికాయి. ఎడమ బొటనవేలి గోరు రెండుసార్లు ఊడింది కానీ రెండుసార్లూ మళ్లీ వచ్చింది కాబట్టి దాన్ని కలపడం లేదు. కోపం వచ్చి బండి తీసుకెళ్లిపోయినవాళ్లు ఏడుగురు. ముగ్గురు తిరిగి వచ్చారు, నికరంగా నలుగురు. ఇవన్నీ నా నష్టాలు. ఇతరుల బండిలో నా చేతి మీదుగా పోయింది మాత్రం ఒక్కటే. కోస్గి దగ్గర ఒక పల్లెలో, ఒక పాత తెల్ల సెడాన్ ఇంజనులో, ఏడో బోల్టు దిగే రంధ్రంలోని మర.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎన్ని బండ్లు బాగు చేశారని నన్ను అడుగుతారు. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది, కానీ దాని వల్ల వాళ్లు నేర్చుకునేది ఏమీ లేదు. పాడు చేసిన ఆ ఒక్క మర గురించి చెప్తే కొంత పనికొస్తుంది.

ఉస్తాద్ చెయ్యి

పదో తరగతిలో నాకు లెక్కల్లో తొంభై ఒకటి, ఇంగ్లీషులో ఇరవై రెండు వచ్చాయి. అంతటితో చదువు ఆగింది. ఆ వేసవిలోనే మహబూబ్‌నగర్‌లో ఒక షెడ్డులో చేరాను. అక్కడి ఉస్తాద్ బోల్టు ఎంత బిగించాలో ఏ సాధనంతోనూ కొలిచేవాడు కాదు. పానా మీద చెయ్యి వేసి, కళ్లు సగం మూసి, పాట ఆఖరి చరణం వినేవాడిలా ఒక క్షణం ఆగి వదిలేసేవాడు. ఎంత బిగించాలి ఉస్తాద్ అని అడిగితే "సరిపోయేంత" అనేవాడు.

ఒకసారి ఆయన లేనప్పుడు, టార్క్ రెంచ్ అంటే బిగింపును అంకెల్లో చూపించే పానా ఒకటి అరువు తెచ్చి ఆయన బిగించిన పది బోల్టులు పరీక్షించాను. తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. పదోది కొంచెం వదులు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదే అయింది, ఎందుకంటే ఆయన చెయ్యి నిజంగా గొప్పది.

కానీ నా అభిప్రాయం దాచుకోను. ఆ గొప్పతనం ఆయన చేతిలోనే ఉండిపోయింది. షెడ్డులో పనిచేసిన ఆరుగురిలో ఒక్కరికీ అది రాలేదు, ఎందుకంటే ‘సరిపోయేంత’ అన్నదాన్ని ఒకరి నుంచి ఒకరికి ఇవ్వలేము. ఇనప ఇంజన్లు ఎక్కువ తక్కువలను ఓర్చుకునేవి. అల్యూమినియం ఇంజన్లు వచ్చాక ఆ ఓర్పు పోయింది. నేను మొదటి మాన్యువల్ జిరాక్స్ కట్ట షెడ్డుకు తెచ్చిన రోజున ఉస్తాద్ దాన్ని చేతిలో తూచి, "ఇంజను బాగు చేస్తవా, పరీక్ష రాస్తవా?" అని నవ్వాడు. టీ గ్లాసు దాని మీదే పెట్టాడు. ఆ మరక మొదటి పేజీలో ఇప్పటికీ ఉంది.

పుస్తకం చదివే తీరు

బండితో పాటు డాష్‌బోర్డులో వచ్చే చిన్న పుస్తకం వేరు. అది టైరులో గాలి ఎంత, వైపర్ ఎలా వెయ్యాలి అని చెప్పే పుస్తకం. ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్ అంటే బండి తయారుచేసినవాళ్లు తమ మెకానిక్కుల కోసం రాసుకున్నది. ఒక్కో బండికి వెయ్యి పేజీలకు తక్కువ ఉండదు. ఏ బోల్టు ఏ వరుసలో విప్పాలి, ఎంత బిగించాలి, ఏ భాగం ఎంత అరిగితే పారేయాలి, అన్నీ అందులో ఉంటాయి.

నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను అంకెల నుంచి మొదలుపెట్టాను. తర్వాత బొమ్మలు. ఆ రెండూ అర్థమయ్యాక మిగిలిన మాటలు డిక్షనరీలో వెతికి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం రెండు వందల పది మాటలు. ఆ రెండు వందల పది మాటలు వస్తే వెయ్యి పేజీలూ చదవచ్చు. వాళ్లు అవే మాటలు తిప్పి తిప్పి వాడతారు. ఇంగ్లీషు రాదని భయపడే పిల్లలకు ఇది గట్టిగా చెప్తున్నాను.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది షెడ్డు వదిలేసి, పాత సెడాన్లు ఉన్నవాళ్ల ఇళ్లకే వెళ్లి పని చేయడం మొదలుపెట్టాను. పెద్ద షెడ్లు పాత బండిని చూడగానే మొహం తిప్పుకుంటాయి. ఇంటి దగ్గరైతే బండి కదలక్కర్లేదు, యజమాని కళ్ల ముందే పని జరుగుతుంది. ఒక్క నియమం పెట్టుకున్నాను: పుస్తకం పట్టుకున్నవాళ్లు పానా ముట్టకూడదు, పానా పట్టుకున్నవాళ్లు పుస్తకం ముట్టకూడదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరో ఒకరు పుస్తకం చదవాలి, నేను ఆ అంకె తిరిగి చెప్పాలి, వాళ్లు ఊఁ అన్నాకే బిగించాలి. గ్రీజు మరక అంటిన పేజీలో మూడు ఎనిమిదిలా కనిపించడం నేను ఒకసారి చూశాను.

రేణుక బండి

కోస్గి దగ్గరి ఆ పల్లెలో మల్లయ్య గొర్రెల కాపరి. కూతురు రేణుక డిగ్రీ చదివి, డ్రైవింగు నేర్చుకుని, తండ్రి కొనిచ్చిన పాత సెడాన్‌లో రోజూ నలుగురు టీచర్లను కోస్గి నుంచి చుట్టుపక్కల బడులకు దింపి మళ్లీ తీసుకొచ్చేది. దాని కోసం మల్లయ్య మందలో పద్నాలుగు గొర్రెలు అమ్మాడు. బండి వేడెక్కి, తెల్ల పొగ చిమ్మి, ఇంటి ముందు ఆగిపోయింది. ఇంజను తల అనే పై భాగం కింద నీళ్లు, గ్యాసు కారకుండా వేసే రేకు, గ్యాస్కెట్, పోయింది.

నేను వెళ్లేసరికి పాత ఇనుము కొనేవాడు అప్పటికే వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్లాడట. టీచర్లు పది రోజులు ఆగుతామన్నారు, ఆ తర్వాత ఆటో మాట్లాడుకుంటారు. మల్లయ్య మాట ఇంకా సూటిగా ఉంది.

"పది దినాలల్ల నడిస్తె నడిచె అన్నా. లేకుంటె ఇనుప సామానుకు ఏస్త. బిడ్డ మల్ల మంద ఎంబడి పోతది."

రేణుక నా సంచిలోంచి మాన్యువల్ తీసుకుని, ఒడిలో పెట్టుకుని, ఇంజను నంబరు ఏ పేజీలో ఉందో అడిగింది. పని తెలిసిన మనిషి అడిగే మొదటి ప్రశ్న అదే.

మూడు రోజులు చాలా సంతోషంగా గడిచాయి. వేపచెట్టు నీడలో టార్పాలిన్ పరిచి, కోడిగుడ్ల అట్ట ట్రేలలో ఒక్కో గుంటకూ నంబరు రాసి, విప్పిన బోల్టులు వరుసగా అందులో పెట్టాం. రేణుక చదివేది, నేను తిరిగి చెప్పేవాణ్ని. నేను తొందరపడి ముందే పానా తిప్పబోతే, "కాకా, నేను ఊఁ అన్నన్నా?" అని ఆపేది. మల్లయ్య మందను తోలుకుని పోతూ, తిరిగి వస్తూ ఆగి చూసేవాడు. ఇంజను తల విప్పి పక్కన పెట్టినప్పుడు లోపలికి తొంగి చూసి, మేక పొట్ట కోసినా ఇన్ని పేగులు ఉండవన్నాడు.

ఏడో బోల్టు

నాలుగో రోజు, ఆదివారం పొద్దున, కొత్త గ్యాస్కెట్ వేసి తల బిగించాలి. పది బోల్టులు. మధ్యలోంచి బయటికి, వరుస ప్రకారం, మూడు విడతల్లో. పుస్తకంలో బిగింపు న్యూటన్ మీటర్లలో ఉంటుంది. మొదటి విడత ఇరవై ఐదు, రెండో విడత యాభై, చివరి విడత డెబ్బై.

నా టార్క్ రెంచ్ సరిచేయించడానికి హైదరాబాద్ పంపాను, తిరిగి రాలేదు. అది లేనప్పుడు వాడే ఉపాయం ఒకటి నా దగ్గర ఉంది. పానాకు పైపు తొడిగి, బోల్టు మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దగ్గర స్ప్రింగు కాటా తగిలించి లాగడం. డెబ్బై న్యూటన్ మీటర్లు కావాలంటే అర మీటరు దగ్గర పద్నాలుగు కిలోల మూడు వందల గ్రాముల బలంతో లాగాలి. అడ్డంగా లాగితే పైపు బరువు లెక్కలోకి రాదు. ఇంటి దగ్గర నా సొంత కాటాతో చాలాసార్లు చేశాను, ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు నా కాటా తీసుకురాలేదు. మల్లయ్య ఇంటి చూరుకు ఒకటి వేలాడుతోంది. పొట్టేళ్లు కొనే బాలయ్యది. ప్రతి ఆదివారం ఊళ్లోకి వచ్చి పొట్టేళ్లను బతికుండగానే జోకి, కిలో లెక్కన కొంటాడు. మోసుకు తిరగడం బరువని కాటా మల్లయ్య ఇంట్లోనే ఉంచి పోయేవాడు. తన మీద ఉన్న నమ్మకానికి అది గుర్తు అని మల్లయ్య మురిసేవాడు. నేను దాన్ని దించి వాడాను.

మొదటి విడత అయింది. రెండో విడత అయింది. చివరి విడతలో ఆరు బోల్టులు బిగిశాయి. ఏడోది పద్నాలుగు కిలోలకు చేరాక చేతికి మెత్తగా తగిలింది. బిగుసుకుంటున్నది ఒక్కసారి వెన్నలా తిరిగింది. ఈ పని చేసినవాళ్లకు ఆ మెత్తదనం తెలుసు. బోల్టు వెనక్కి తీస్తే దాని చుట్టూ అల్యూమినియం పోగులు చుట్టుకుని వచ్చాయి. లోపలి మర మొత్తం ఊడి వచ్చింది.

అప్పుడు నా నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది: పాత బండి, మర ముందే అరిగిపోయింది, ఏం చేస్తాం. అందరూ నమ్మేవాళ్లే. సగం నిజం కూడా. రేణుక పుస్తకం మీద వేలు పెట్టి నా మొహం చూస్తోంది.

"నేను తప్పు చదివిన్నా కాకా?" అంది.

ఆ ప్రశ్నతో ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. తప్పు తన మీద వేసుకుంటున్న పిల్ల ముందు బండిని తిట్టలేకపోయాను. అంకె మళ్లీ చూశాం, డెబ్బై సరిగ్గానే ఉంది. ఇంజను నంబరు సరిపోయింది. పైపు కొలిచాం, యాభై సెంటీమీటర్లు. లెక్క మళ్లీ కాగితం మీద వేశాను, పద్నాలుగు పాయింటు మూడు. పుస్తకం సరే, చదువు సరే, లెక్క సరే. పరీక్షించనిది ఒక్కటే మిగిలింది. అది నా చేతిలోనే వేలాడుతోంది.

ఇరవై సీసాల నీళ్లు

లీటరు నీళ్లు అంటే ఒక కిలో. ఇంతకంటే చవకైన తూకం రాయి లోకంలో లేదు. నూనె డబ్బాతో చూడకండి, లీటరు నూనె కిలో తూగదు. ఖాళీ నీళ్ల క్యాన్ కాటాకు తగిలిస్తే ముప్పావు కిలో చూపించింది. లీటరు సీసాతో రేణుక నీళ్లు పోస్తూ పోయింది, మల్లయ్య లెక్కపెట్టాడు. ఆయన ఒకటీ రెండూ అని లెక్కపెట్టడు. మందను లెక్కపెట్టినట్టు జతలు చెప్తాడు. జత, రెండు జతలు, మూడు జతలు.

ఐదు జతలకు ఆపించాను. ఖాళీ క్యాన్ బరువు తీసేస్తే పది కిలోలు రావాలి. ఎనిమిదిం ముప్పావు వచ్చింది. పది జతలు నిండాక ఇరవై రావాలి. పదిహేడున్నర వచ్చింది.

రెండుసార్లు ఎందుకు చూశానంటే, ముల్లు పక్కకు జరిగి ఉంటే రెండుసార్లూ ఒకే తేడా రావాలి. ఇక్కడ బరువు రెట్టింపైతే తేడా కూడా రెట్టింపైంది. అంటే లోపల స్ప్రింగే వేరేది, అసలుదాని కంటే గట్టిది. ఎనిమిది కిలోలు పెడితే ఏడే చూపిస్తుంది. నేను డెబ్బై అనుకుని ఎనభై బిగించాను. పాత అల్యూమినియం ఎనభైని ఓర్చుకోలేదు.

రేణుకకు అప్పుడే చెప్పాను, తప్పు నాదేనని. పరీక్షించని కాటాతో ఇంజను బిగించడం ముప్పై ఏళ్ల మెకానిక్కు చేయాల్సిన పని కాదు. కొత్త గ్యాస్కెట్ నా ఖర్చు, మర బాగు చేయించే పూచీ నాది అన్నాను. ఆ పిల్ల తల ఊపింది గానీ నన్ను చూడటం లేదు. తండ్రిని చూస్తోంది.

మల్లయ్య క్యాన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. క్యాన్ మీద చెయ్యి వేసి అన్నాడు.

"అన్నా, నీకు ఒక్క బోల్టు పోయింది. నేను ఏడాది సంది గీ కాటకే పొట్టేళ్లను జోకిస్తున్న."

ఆదివారం బేరం

నేను కాగితం తీశాను. మల్లయ్య చదువుకోలేదు. కానీ అమ్మిన ప్రతి పొట్టేలూ ఆయనకు గుర్తుంది. నల్ల చెవులది ఇరవై ఆరు. కుంటుకుంటూ నడిచేది ఇరవై ఒకటి. నుదుట తెల్ల చుక్క ఉన్నది ఇరవై ఏడు, దాన్ని అమ్మిన రోజు రేణుక అన్నం తినలేదు. ఇట్లా ఇరవై ఒకటి చెప్పాడు. కాటా చూపించిన మొత్తం ఐదు వందల నాలుగు కిలోలు. కాటా చూపిన ప్రతి ఏడు కిలోలకు ఒక కిలో పోయింది కాబట్టి, దాన్ని ఏడుతో భాగిస్తే డెబ్బై రెండు. ఆ డెబ్బై రెండు కిలోలు మల్లయ్య బాలయ్యకు ఊరికే ఇచ్చినట్టు.

మధ్యాహ్నం పన్నెండుకు బాలయ్య వచ్చాడు. మంచి మాటకారి, నవ్వు మొహం. విప్పి ఉన్న ఇంజను చూసి, కూర వండుతున్నరా ఏమి అని పరాచికమాడాడు. రేణుక ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, ఈ క్యాన్ కొంచెం జోకమని అడిగింది. ఇరవై లీటర్లు అని కూడా చెప్పింది. బాలయ్య జోకాడు. ముల్లును చూశాడు. తర్వాత ఆకాశాన్ని చూశాడు.

"ఎండకు స్ప్రింగు సాగినట్టున్నది" అన్నాడు.

"సాగితె ఎక్కువ చూపియ్యాలె గద మామా. గిది తక్వ చూపిస్తున్నది."

రేణుక ఈ మాట పుస్తకంలో అంకె చదివినంత మెల్లగా చెప్పింది. బాలయ్య నా వైపు తిరిగాడు. అవును, ఆమె చెప్పిందే లెక్క అన్నాను. కాటా కొన్న దుకాణంవాళ్లు మోసం చేశారన్నాడు. దానికీ రేణుక దగ్గర ప్రశ్న ఉంది.

"మల్ల నువ్వు అమ్మేటప్పుడు గిదే కాటా తీస్కపోతవా మామా? గిది మా చూరుకే ఉంటది గదా. అక్కడ జోకినప్పుడు బరువు పెరిగింది నీకు ఎర్క లేదా?"

బాలయ్య నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. మల్లయ్య లేచి ఒక్క మాట కూడా తిట్టకుండా ఇరవై ఒక్క పొట్టేళ్లనూ మొదటి నుంచి, చెవులతో సహా, మచ్చలతో సహా చెప్పుకుంటూ పోయాడు. ఐదోదానికి బాలయ్య చెమట తుడుచుకున్నాడు. తొమ్మిదోదానికి జేబులోంచి తన చిట్టా పుస్తకం తీశాడు, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. ఇరవై ఒకటోది అయ్యేసరికి చిట్టాలో మొత్తం, నా కాగితంలో మొత్తం ఒకటే: ఐదు వందల నాలుగు.

"మల్లన్నా, పదిమంది ముంగట పెట్టకు" అన్నాడు.

"నేను పెట్ట. నాకు డెబ్బై రెండు కిలోలు కావాలె. పైసలు కాదు, పొట్టేళ్లు."

డెబ్బై అంటే డెబ్బై

మర సంగతి పూర్తి చేస్తాను. మహబూబ్‌నగర్ నుంచి లేత్ పని చేసే మిత్రుణ్ని పిలిపించాను. ఆయన పోయిన మరను కొంచెం పెద్దగా తొలిచి, లోపల ఉక్కు మర తొడిగాడు. ఇప్పుడు పది మరల్లో అదే గట్టిది. ఎక్కువ బిగింపు తిన్న బోల్టుల పొడవు పుస్తకం చెప్పినట్టు కొలిచాం. రెండు హద్దు దాటి సాగాయి, మార్చాం. హైదరాబాద్ నుంచి టార్క్ రెంచ్ వచ్చింది. వచ్చిన వెంటనే దాన్ని కూడా నీళ్ల క్యాన్‌తో పరీక్షించాను. రేణుక నవ్వి, "ఇగ నన్ను గూడ జోకుతవా కాకా?" అంది.

ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగింటికి ఇంజను స్టార్టయింది. మొదటి తాళానికే. మంద చెదిరి మూడు దిక్కులకు పరుగెత్తింది. మల్లయ్య వాటి వెంట పోకుండా, చెప్పులు విడిచి వెనక సీట్లో ఎక్కి టీచర్ కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. రేణుక కోస్గి దాకా పోయి తిరిగి వచ్చింది. వేడి ముల్లు మధ్య గీత దాటలేదు. పదో రోజు నలుగురు టీచర్లూ అదే బండిలో బడికి పోయారు. ఇనుము కొనేవాడు మరోసారి వచ్చి, బండి కనబడక, ఖాళీ జాగా చూసి వెళ్లాడట.

పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. పుస్తకంలో అంకెను నమ్మండి. కానీ ఆ అంకెను మీ చేతిలోకి తెచ్చే సాధనాన్ని మాత్రం ప్రతిసారీ అనుమానించండి. అది ఎవరిది, ఏ పనికి వాడేవారు, ఎటు తప్పు చూపితే ఎవరికి లాభం, ఈ మూడూ అడగండి. ఉస్తాద్ చేతికి కూడా నేను ఇదే పరీక్ష పెట్టాను కదా, ఆయన పదికి తొమ్మిది నెగ్గాడు. బాలయ్య కాటా నెగ్గలేదు.

ఆ నెల చివరలో, నేను బండి చూడటానికి వెళ్లిన రోజునే, బాలయ్య మూడు పొట్టేలు పిల్లలను తోలుకొచ్చాడు. ఈసారి రేణుక కొన్న కొత్త కాటా, ముందు నీళ్లు, తర్వాత పిల్లలు. ఇరవై రెండు, ఇరవై, పంతొమ్మిది. అరవై ఒక్క కిలోలు. మిగిలిన పదకొండు కిలోలకు వచ్చే వారం ఒక చిన్న పిల్లను తెస్తానన్నాడు. మల్లయ్య వద్దన్నాడు. బాలయ్యకు అర్థం కాలేదు. నాకూ కాలేదు, లెక్క సగంలో ఆపడం నా వల్ల కాని పని.

"గది నీ తాన్నే ఉండనియ్యి బాలయ్యా" అన్నాడు మల్లయ్య. "బాకి ఉన్నన్ని దినాలు సక్కగ జోకుతవు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం బాలయ్య మల్లయ్య పొట్టేళ్లను ముల్లు పూర్తిగా ఆగేదాకా వేచి చూసి జోకుతున్నాడు. పండగకు ముందు ఒకసారి ఆ చిన్న పిల్లను తెచ్చి గుంజకు కట్టేసి పోబోతే, మల్లయ్య దాన్ని విప్పి ఆయన వెనకే తోలేశాడు. బండి వేడెక్కుతోందా అని కనుక్కోవడానికి నేను నెలకోసారి రేణుకకు ఫోన్ చేస్తాను, ఈ బాకీ సంగతి కూడా అడుగుతాను. మొన్న అడిగినప్పుడు కూడా పదకొండు కిలోలే.